ట్రాక్టర్ లోడర్‌కు ఫోర్కులు: కొనే ముందు ఏం చూడాలి?

వరంగల్‌ను విడదీసి 2016 అక్టోబర్ 11న ఏర్పాటు చేసిన కొత్త జిల్లాల్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఉన్నాయి. మూడు చోట్లా బరువు మోసే పని ఎక్కువే. జనగామలో వడ్లు, పత్తి. మహబూబాబాద్‌లో మిర్చి, గ్రానైట్. భూపాలపల్లి వైపు సింగరేణి బొగ్గు, చెల్పూరు థర్మల్ కేంద్రం. హమాలీలు దొరకడం కష్టమైన సీజన్‌లో ట్రాక్టర్ ఉన్న కుటుంబం ముందు లోడర్ బిగించుకుని, బకెట్ తీసి ఫోర్కులు పెట్టుకుంటే నాలుగు పైసలు కిరాయి వస్తుందని ఆలోచించడం సహజమే. అయితే ఫోర్కు అంటే రెండు ఇనుప కడ్డీలే కదా అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

మొదట బరువు లెక్క వేసుకోవాలి. ప్రకటనలో ‘800 కిలోలు ఎత్తుతుంది’ అని రాసి ఉంటే, ఆ అంకె చాలాసార్లు లోడర్ చేతుల చివర పిన్ దగ్గర కొలిచింది. ఫోర్కు మీద పెట్టిన సరుకు మధ్యభాగం ఆ పిన్‌కు ఇంకా ముందు ఉంటుంది. బరువు ముందుకు జరిగే కొద్దీ లోడర్ ఎత్తే శక్తి తగ్గుతుంది. ఫోర్కుల ఫ్రేము, కడ్డీలు కలిపి 150 కిలోల దాకా తూగొచ్చు, అది కూడా ఆ 800లోంచే పోతుంది. అంటే 40 కిలోల వడ్ల బస్తాలు 20 ఎక్కించేద్దాం అనుకున్నవాళ్లు 10 లేదా 11 దగ్గర ఆగడం మేలు. డీలర్‌ను అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటే: “ఫోర్కు మడత నుంచి 500 మిల్లీమీటర్ల ముందు, పూర్తి ఎత్తులో ఎంత బరువు?” జవాబు కాగితం మీద ఇవ్వని దుకాణం మానేయడమే మంచిది.

పత్తి బేలు ఒక్కోటి సుమారు 170 కిలోలు, కాబట్టి రెండు బేళ్ల దాకా ఫరవాలేదు. గ్రానైట్ విషయంలో జాగ్రత్త. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక్క పలకే 54 కిలోలు తూగుతుంది. పది పలకలు పేర్చితే 540. చూపుకు చిన్నగానే కనిపిస్తాయి. ఇక క్వారీ బండలంటారా, ఒక ఘనపు మీటరు 2.7 టన్నులు. అది ట్రాక్టర్ పనే కాదు.

తర్వాత వెనక బరువు. ఎక్కువ ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. ముందు లోడు ఎత్తగానే వెనక తేలికవుతుంది, అప్పుడు తొక్కిన బ్రేకు పట్టదు. బండి బోల్తా పడటం, ముందు యాక్సిల్ విరగడం రెండూ ఇక్కడే మొదలవుతాయి. అందుకే లోడర్ పనికి ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ మేలు. టూ వీల్ అయితే కంపెనీ ఒప్పుకున్న బరువుకే పరిమితం కావాలి. వెనక మూడు పాయింట్ల లింకుకు కాంక్రీటు దిమ్మ తగిలించాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 55 ఎత్తున పోస్తే దాదాపు 475 కిలోలు వస్తుంది, పెద్ద ఖర్చు కాదు. ఎంత దిమ్మ కావాలో మాత్రం మాన్యువల్ చూసే తేల్చుకోవాలి.

ఫోర్కు కడ్డీల పొడవు 1070 లేదా 1200 మిల్లీమీటర్లు ఉంటుంది. మన దగ్గర తరచుగా కనిపించే ప్యాలెట్ 1200 ఇంటూ 1000 సైజుది కాబట్టి 1070 చాలాచోట్ల సరిపోతుంది. మరీ పొడుగైతే వెనకున్న బస్తాలను చీల్చేస్తాయి. పొట్టివైతే సరుకు ముందుకు వాలుతుంది, కనీసం సరుకు లోతులో మూడింట రెండు వంతులు కడ్డీ మీద ఉండాలి.

వెల్డింగ్ షాపులో ఫోర్కులు చేయించొచ్చా అని చాలామంది అడుగుతారు. ఫ్రేము చేయించొచ్చు, మజ్బూత్‌గా చేసేవాళ్లు ఉన్నారు. కడ్డీలు మాత్రం వద్దు. అసలు ఫోర్కు ఒకే ఉక్కు కడ్డీని కాల్చి వంచింది, ఆ మడత దగ్గరే బరువంతా పడుతుంది. అక్కడ అతుకు ఉంటే ఒకరోజు ఊడుతుంది. తుక్కులోంచి పాత ఫోర్కులు కొనేవాళ్లు పక్కన కొట్టిన ముద్ర చూడాలి: 1250 × 500 అంటే ఒక్కో కడ్డీకి 500 మిల్లీమీటర్ల దగ్గర 1250 కిలోలు. మడత దగ్గర మందం పదో వంతు అరిగిపోయినా, జుట్టంత పగులు కనిపించినా వాడకూడదు. రంధ్రం వేయడం, వేడి చేసి నిటారుగా చేయడం కూడా తప్పే.

చవకగా బకెట్ అంచుకు బిగించే ఫోర్కులు కూడా దొరుకుతాయి. అవి బరువును ఇంకా ముందుకు తోస్తాయి, బకెట్ అంచు వంగుతుంది. నాలుగు బస్తాలకు సరే, రోజువారీ కిరాయికి కాదు. గోదాంలో అటూ ఇటూ జరపడమే పని అయితే వెనక మూడు పాయింట్లకు తగిలించే ఫోర్కు చాలు. ధర తక్కువ, ముందు యాక్సిల్ మీద భారం పడదు. కానీ లారీ ఎత్తుకు చేరదు, రివర్స్‌లో మెడ తిప్పి నడపాలి.

ఇంకొకటి, మామూలు లోడర్ చేతులు పైకి లేచే కొద్దీ ఫోర్కులు వెనక్కి వాలుతాయి. బస్తా జారితే నేరుగా డ్రైవర్ మీదికే. ఫోర్కులను తనంతట తానే సమంగా ఉంచే లోడర్ దొరికితే కొంచెం ఎక్కువైనా తీసుకోవాలి. లేకపోతే వెనక ఎత్తైన జాలీ ఫ్రేము పెట్టించి, బస్తాలను తాడుతో కట్టాలి. బరువుతో వెళ్లేటప్పుడు నేల నుంచి జానెడు ఎత్తు చాలు. కింద హమాలీ నిలబడి ఉండగా ఎత్తడం, ప్యాలెట్ మీద మనిషిని నిలబెట్టి పైకి పంపడం ఎంత మజ్బూరీ అయినా చేయకూడదు. లోడర్ బిగించిన సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కాగితం కాపీ బండి పేపర్లతో పాటు పెట్టుకోవాలి.