పొన్నైలో నీడ కనబడని మధ్యాహ్నాలు

చిత్తూరు వైపు నీవా నది అనియు, సరిహద్దు దాటిన పిమ్మట పొన్నై నది అనియు పిలువబడే ఏటి ఒడ్డున ఉన్న మన ఊరు, భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 13 డిగ్రీల అక్షాంశంపై ఉన్నది. సూర్యుని పాఠంలో ఈ సంఖ్య ఎంత ముఖ్యమో నాకు ఆలస్యంగా తెలిసింది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడని నేను చాలా ఏండ్లు తరగతిలో చెప్పాను. ఒక డిసెంబరు మధ్యాహ్నం ఓ బాలుడు జెండా కంబం నీడను చూపి, "నెత్తిమీద ఉంటే ఇంత నీడ ఎందుకు సార్?" అని అడిగాడు.

అడిగినది న్యాయమే. పొన్నైలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండు పర్యాయాలే: ఏప్రిల్ 25 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో మరొకసారి. చిత్తూరుకు, చెన్నైకి కూడ దాదాపు ఇవే తేదీలు. హైదరాబాదుకు మే 9, ఆగస్టు 5 ప్రాంతంలో వస్తాడు. కర్కటరేఖకు ఆవల ఉన్న ఢిల్లీలో ఎన్నడూ రాడు.

భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు వంగి ఉండడమే ఇందుకు కారణం. ఆ వంపుతోనే భూమి సూర్యుని చుట్టి వస్తుంది గనుక, సూర్యుడు ఆరు నెలలు ఉత్తరానికి, ఆరు నెలలు దక్షిణానికి జరుగుతున్నట్లు మనకు కనబడతాడు. ఉత్తరాయణ, దక్షిణాయనములు ఇవే.

దీనిని పరీక్షించడానికి దూరదర్శిని అక్కరలేదు. దారానికి రాయి కట్టి సరిచూచి, మీటరు పొడవు కర్రను నిటారుగా నాటండి. మన ఊరిలో గడియారం 12 గంటలు కొట్టినప్పుడు అసలు మధ్యాహ్నం కాదు; భారత కాలమానం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనము దానికి పడమట ఉన్నాము. ఏప్రిల్ చివర సుమారు 12.11కు, ఆగస్టులో 12.17కు చూడాలి. ఆ క్షణాన నీడ కర్ర పాదంలోనే అణగిపోతుంది. జూన్ 21న నీడ దక్షిణంగా పడి 18 సెంటీమీటర్లు ఉంటుంది. డిసెంబరు 21న ఉత్తరంగా 74 సెంటీమీటర్లు సాగుతుంది. పిల్లలు నీడనే కొలవాలి, సూర్యుని వైపు చూడరాదు.

ఎండాకాలంలో సూర్యుడు భూమికి దగ్గరవుతాడని పెద్దలలో కూడ కొందరు నమ్ముతారు. ఇది తప్పు. భూమి సూర్యునికి అతి చేరువయ్యేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరానికి. జూలై మొదట్లో అది 15.2 కోట్లు. కిరణాలు నిటారుగా పడడం, పగలు పెరగడం వలననే ఎండ ముదురుతుంది.

అయితే సూర్యుడు నడినెత్తికి వచ్చేది అశ్విని కార్తెలో. తమిళులు అగ్ని నక్షత్రమనే కత్తిరి మే 4 ప్రాంతంలో మొదలవుతుంది. మన రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో. నేల కాగడానికి వ్యవధి పట్టును గనుక వేడి వెనుకబడి వస్తుంది, పొయ్యి మీది పెనం వలెనే.

మరొక సంగతి పంచాంగం చూచేవారికి. కార్తెలు నక్షత్రాలను బట్టి, నీడ అక్షం వంపును బట్టి నడుస్తాయి. ఆ అక్షమే మెల్లగా బొంగరం వలె తిరుగుతున్నందున, ఈ రెండు లెక్కలకు సుమారు 71 ఏండ్లకొక దినం తేడా వస్తుంది. వేయి ఏండ్లకది 14 రోజులు, అనగా ఒక కార్తె. వేయి ఏండ్ల క్రిందట ఈ ఏటి ఒడ్డున నీడ అణగినది అశ్వినిలో కాదు, భరణిలో.