ప్రమేయమునకు ప్రమేయమును అందించుట: ఒక భావము చరిత్ర

ప్రమేయమునకు ఒక సంఖ్యను ఇచ్చి మరొక సంఖ్యను పొందుట ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసినదే. సంఖ్యకు బదులు మరొక ప్రమేయమునే అందించవచ్చునా? అందించవచ్చును. వక్రరేఖ క్రింది వైశాల్యమును కనుగొనుటను తీసికొనుడు. ఆ వైశాల్యమును సన్నని పట్టీలుగా విభజించి కూడు పద్ధతి అన్ని వక్రరేఖలకును ఒక్కటే; మారునది రేఖ సమీకరణము మాత్రమే. కనుక కూడిక పద్ధతిని ఒక్కసారి వ్రాసియుంచి, సమీకరణమును వేరుగా అందించిన చాలును. పద్ధతి తనకు అవసరమైనప్పుడెల్ల సమీకరణమును పిలిచి విలువను తెలిసికొనును. ఇట్లు పిలువబడుటకై అందించిన ప్రమేయమునే నేడు ‘కాల్‌బ్యాక్’ అనుచున్నారు.

ఈ భావము కంప్యూటర్లతోపాటే పుట్టినదని చెప్పవచ్చును. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో 1949 మే నెలలో ఎడ్‌శాక్ యంత్రము పనిచేయనారంభించినది. విల్క్స్, వీలర్, గిల్ అను మువ్వురు దానికొరకు తరచుగా కావలసిన గణనలను చిన్న చిన్న ప్రోగ్రాములుగా వ్రాసి, గ్రంథాలయమువలె కూర్చి, 1951లో ఆ విధానమును పుస్తకముగా ప్రకటించినారు. అవకలన సమీకరణములను సాధించు ప్రోగ్రామునకు, ఆ సమీకరణమును లెక్కించు సహాయక ప్రోగ్రామును వాడుకరియే వ్రాసి ఇయ్యవలసియుండెను.

1958లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జాన్ మెకార్థీ లిస్ప్ అను భాషను ప్రారంభించెను. అలోంజో చర్చ్ 1930 దశకములో కల్పించిన లాంబ్డా గుర్తును ఇందు గ్రహించుటచే ప్రమేయమును అందించుట సులభమైనది. కాని అక్కడనే ఒక చిక్కు బయటపడినది.

ఒక ఉదాహరణము: ‘హద్దు కన్న తక్కువైన సంఖ్యలను ఏరుము’ అను ప్రమేయమును వేరొక ప్రోగ్రామునకు అందించితిమనుకొందము. పంపినచోట హద్దు 100. అందుకొన్న ప్రోగ్రాములో అదే పేరు మరొక పనికి వాడబడి, దాని విలువ 150 అయియున్నది. ఇప్పుడు ఏ హద్దును తీసికొనవలెను? తొలి లిస్ప్ 150నే తీసికొనెడిది. జేమ్స్ స్లాగిల్ తన ప్రోగ్రాము సరిగా నడువలేదని చెప్పగా, అది చిన్న పొరపాటే కాబోలునని మెకార్థీ తలచెను. స్టీవ్ రస్సెల్ దానిని సరిచేసెను గాని, అందులకు ప్రమేయముతోపాటు అది పుట్టినచోటి పేర్ల విలువలనుకూడ మూటగట్టి పంపు ఏర్పాటును కల్పింపవలసివచ్చెను. 1964లో పీటర్ లాండిన్ ఇట్టి మూటకు ‘క్లోజర్’ అను పేరు పెట్టెను. 1975లో సస్మన్, స్టీల్ రూపొందించిన స్కీమ్ భాషలో అది సహజ ధర్మమైనది.

ఇదే ప్రశ్న నేటి వర్తక వేదికలలోను కలదు. 2010లో వెలువడిన మెటాట్రేడర్ 5 అను వేదికకు ఎమ్‌క్యూఎల్5 అను సొంత భాష ఉన్నది. వర్తకుడు ‘ఆన్‌టిక్’ అను ప్రమేయమును వ్రాసియుంచును. క్రొత్త ధర వచ్చినప్పుడు వేదికయే దానిని పిలుచును. తన ప్రమేయములలో ఒకదానిని మరొకదానికి అందించుటకు ప్రమేయపు సూచికలును కలవు. కాని ఈ సూచిక ప్రమేయము ఉన్నచోటును తెలుపునే గాని, పరిసర విలువలను వెంటగొనిపోదు.

కనుక హద్దును వేరొక విలువగా కూడ అందించవలెను. లేదా విలువను, ప్రమేయమును కలిపి ఒక ‘ఆబ్జెక్టు’లో ఉంచవలెను. అట్లుగాక, అందరికి ఉమ్మడియైన పేరులో హద్దును ఉంచినచో, ఒక నియమము మార్చిన విలువను మరొక నియమము తనదిగా భావించి తగని ధరకు అమ్మివేయవచ్చును. తరగతిలో ఇట్టి తప్పునకు పోవునవి మార్కులే. ఇక్కడ పోవునది సొమ్ము.

నియమమును పంపునప్పుడు అందలి పేర్లకు అర్థమునిచ్చు విలువలనుకూడ పంపవలెను. స్లాగిల్‌కు ఎదురైన చిక్కు నేర్పిన ఈ పాఠమును, భాషలు మారినను, ప్రోగ్రాము వ్రాయువారు మరువరాదు.