కామాకు అవతల

1946 సెప్టెంబరు 30, సోమవారం. నురంబర్గ్ న్యాయభవనం, 600వ నంబరు గది. సందర్శకుల గ్యాలరీలో మీకూ ఒక కుర్చీ దొరికింది. బయట పట్టపగలే, కానీ కిటికీలకు మందపాటి తెరలు దించేశారు. సినిమా కెమెరాల కోసం పైన ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీట తిప్పితే ఇంగ్లీషు, రష్యన్, ఫ్రెంచ్, జర్మన్, ఏది కావాలంటే అది వినపడుతుంది. మాట్లాడేవాళ్లు తొందరపడితే దుబాసీల కోసం పసుపు దీపం వెలుగుతుంది.

న్యాయమూర్తులకు ఎదురుగా బోను. రెండు వరసల్లో ఇరవై ఒక్కమంది నాజీ ప్రముఖులు. వాళ్ల వెనక తెల్ల హెల్మెట్ల సైనికులు. ముందు వరస చివర గోరింగ్. అక్కణ్నుంచి లెక్కపెడుతూ రండి, తొమ్మిదోవాడి దగ్గర ఆగండి. ఆ బట్టతల మనిషి జూలియస్ స్ట్రైకర్. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊరినుంచే 'డెర్ స్టుర్మర్' అనే వారపత్రికలో యూదుల మీద విషం కక్కాడు. 1938 ఆగస్టు 10న ఈ ఊళ్లోని యూదుల ప్రార్థనా మందిరాన్ని కూలగొట్టించాడు. ఆ తేదీ గుర్తుంచుకోండి, అప్పటికింకా యుద్ధం మొదలుకాలేదు.

ఈ విచారణకు ఆధారం 1945 ఆగస్టు 8న లండన్‌లో నాలుగు దేశాలు సంతకం చేసిన చార్టర్. అందులో ఆరో అధికరణం మానవాళిపై నేరాలు అంటే ఏమిటో చెబుతుంది. యుద్ధానికి ముందుగానీ, యుద్ధ కాలంలోగానీ పౌరులను చంపడం, మూకుమ్మడిగా నిర్మూలించడం, బానిసలను చేయడం, ఉన్నచోటునుంచి పెరికి తరలించడం, ఇతర అమానుష చర్యలు. రాజకీయ, జాతి, మత కారణాలతో వేధించడం. అవి జరిగిన దేశపు చట్టం వాటిని నేరమన్నా అనకపోయినా సరే. నాకు ఈ చివరి మాటే అన్నిటికంటే పెద్దది. సొంత ప్రజలను ఏం చేసినా అడిగేవాడు లేడన్న పాలకుల ధీమాను మొదటిసారి చట్టం నిలదీసింది. ఈ నేరానికి ఆ పేరు పెట్టమని అమెరికా ప్రాసిక్యూటర్ రాబర్ట్ జాక్సన్‌కు సూచించింది హెర్ష్ లౌటర్‌పాక్ట్ అనే యూదు న్యాయకోవిదుడు. ఆక్రమిత పోలండ్‌లో ఆయన తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఎవరూ మిగల్లేదు. ఆ పోలండ్‌ను ఏలిన హన్స్ ఫ్రాంక్ స్ట్రైకర్‌కు రెండు కుర్చీల ఇవతల కూర్చున్నాడు.

ఇప్పుడు చెవి ఒగ్గి వినండి. న్యాయమూర్తులు తీర్పులో యుద్ధానికి ముందు జరిగినవాటి సంగతి చదువుతున్నారు. అవి ఘోరాలే, కాదనడం లేదు. అయితే దురాక్రమణ యుద్ధంతోగానీ, యుద్ధ నేరాలతోగానీ వాటికి సంబంధం ఉన్నట్టు తృప్తికరంగా రుజువు కాలేదు. అందుకని 1939కి ముందు జరిగినవి ఈ చార్టర్ ప్రకారం మానవాళిపై నేరాలని గంపగుత్తగా ప్రకటించలేమంటున్నారు.

'యుద్ధానికి ముందుగానీ, యుద్ధ కాలంలోగానీ' అని చార్టర్‌లోనే ఉంది కదా! ఉంది. లండన్ ప్రతిలో ఆ మాటల తర్వాత సెమికోలన్ కూడా ఉంది. 1945 అక్టోబరు 6న బెర్లిన్‌లో దాన్ని రష్యన్ ప్రతిలో ఉన్నట్టు కామాగా మార్చారు. దాంతో యుద్ధంతో సంబంధం ఉండాలన్న షరతు ఒక్క వేధింపులకే కాక నిర్వచనం మొత్తానికీ వర్తించింది. గెలిచినవాళ్లకూ తమ ఇళ్ల సంగతి తెలుసు. మా దేశంలోనూ మైనారిటీలకు అన్యాయం జరిగే సందర్భాలున్నాయని జాక్సన్ లండన్ చర్చల్లోనే ఒప్పుకున్నాడు. బ్రిటన్ అప్పటికింకా మనల్ని ఏలుతోంది. ఆ కామాకు అవతల 1933 నుంచి నిర్బంధ శిబిరాల్లో చచ్చిన కమ్యూనిస్టులు, సోషలిస్టులు ఉండిపోయారు. 1938 నవంబరు దాడుల రాత్రుల్లో హతమైన యూదులూ ఉండిపోయారు. చట్టం తన తలుపు తానే సగం మూసుకున్న క్షణం ఇది. నా కోపమల్లా దీని మీదే.

మంగళవారం. స్ట్రైకర్ వంతు. దురాక్రమణ కుట్రలో నిర్దోషి. మానవాళిపై నేరాల్లో దోషి. తూర్పున యూదులను చంపుతున్నారని తెలిసి కూడా చంపమని రాస్తూనే పోయాడు. ఆ యుద్ధకాలపు రాతలే శిక్షకు ఆధారం. మందిరం సంగతి తీర్పులో ప్రస్తావనగానే మిగిలింది.

మధ్యాహ్నం కెమెరాలను ఆపేశారు, వాటి కోసం పెట్టిన లైట్లు తీసేశారు. దోషులు ఒక్కొక్కరే లిఫ్టులో పైకి వస్తున్నారు. గోరింగ్ హెడ్‌ఫోన్లు పనిచేయలేదు. సరిచేసి, శిక్షను మళ్లీ చదివారు. స్ట్రైకర్‌కు ఉరి. బోనులో లేకుండానే విచారించిన బోర్మన్‌తో కలిపి మొత్తం పన్నెండుమందికి అదే శిక్ష.

యుద్ధం ఉండాలన్న షరతు లేకుండా ఈ నేరాన్ని శాశ్వత అంతర్జాతీయ నేర న్యాయస్థానపు ఒప్పందంలో రాసుకోవడానికి ప్రపంచ దేశాలకు 1998 జులై 17 దాకా పట్టింది. పౌరుల మీద విస్తృతంగాగానీ పథకం ప్రకారంగానీ దాడి జరగాలి, చేసినవాడికి ఆ దాడి సంగతి తెలిసి ఉండాలి. శాంతికాలమైనా నేరమే. రోమ్‌లో ఆ రోజు 120 దేశాలు ఔనన్నాయి. మన దేశం ఓటింగుకు దూరంగా ఉంది.

2018 డిసెంబరు 17న ఢిల్లీ హైకోర్టులోనూ కాసేపు కూర్చోండి. 1984 నవంబరులో రాజ్‌నగర్‌లో జరిగిన ఐదుగురు సిక్కుల హత్య కేసు. కాంగ్రెస్ నాయకుడు సజ్జన్ కుమార్‌కు యావజ్జీవం విధిస్తూ జస్టిస్ మురళీధర్ ధర్మాసనం మానవాళిపై నేరం అన్నది మన శిక్షాస్మృతిలోనే లేదని, ఆ లోటును వెంటనే పూడ్చాలని రాసింది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులోనూ ఆ నేరం లేదు.