అడిగిందెవరు, చెప్పిందెవరు: తెలుగు స్త్రీల పత్రికల సింహావలోకనం

1883లో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరం నుంచి 'సతీహితబోధిని' తెచ్చేనాటికి తెలుగునాట చదవను రాయను వచ్చిన ఆడవాళ్ళు బహు కొద్దిమంది. వాళ్ళు ఎలా నడుచుకోవాలో, పిల్లల్ని ఎలా పెంచాలో, ఏ గొప్ప స్త్రీల చరిత్రలు తెలుసుకోవాలో ఆ పత్రిక చెప్పింది. పదేళ్ళకు మల్లాది వెంకటరత్నం మొదలుపెట్టగా, ఆ తర్వాత రాయసం వెంకటశివుడు నడిపిన 'తెలుగు జనానా'దీ దాదాపు అదే బాట. ఆడపిల్లకు చదువెందుకని ఊరంతా అనే రోజుల్లో ఆమె చేతికి పత్రిక అందించడం చిన్న మేలు కాదు. అయితే ఆ పుటల్లో చాలావరకు చెప్పేది మగవాళ్ళు, వినేది ఆడవాళ్ళు. ఆమె అడగకముందే జవాబు సిద్ధంగా ఉండేది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ చరిత్రను నేను ఈ ఒక్క కోణంలోనే చూస్తాను: అడిగేదెవరు, చెప్పేదెవరు?

1902లో ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య స్థాపించిన 'హిందూ సుందరి' సంపాదకత్వాన్ని మోసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మల చేతిలో పెట్టడంతో మలుపు వచ్చింది. ఆ ఏడాదే అందులో భండారు అచ్చమాంబ కథ 'ధనత్రయోదశి' అచ్చయింది. పండగకు చేతిలో పైసా లేని భర్త యజమాని సొమ్ముకు ఆశపడితే, భార్య అడ్డుపడి అతణ్ణి తప్పు దారి నుంచి మళ్ళిస్తుంది. బుద్ధులు చెప్పించుకునే చోట ఉన్న స్త్రీ, కథలో బుద్ధి చెప్పే చోటికి వచ్చింది. బడి ముఖం చూడకుండా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే తానూ నేర్చుకున్న అచ్చమాంబ, స్త్రీలు అబలలు కారని చాటడానికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. 1905లో ముప్ఫై ఏళ్ళు దాటీ దాటకుండానే పోయింది. ఇంకో ముప్ఫై ఏళ్ళు బతికి ఉంటే తెలుగు సాహిత్య చరిత్ర మొదటి పుటలు వేరుగా ఉండేవని నా నమ్మకం.

అదే దశాబ్దంలో కాకినాడ నుంచి పులుగుర్త లక్ష్మీనరసమాంబ 'సావిత్రి' నడిపింది. ఆమె వితంతు వివాహాలను గట్టిగా వ్యతిరేకించింది. ఆమె వాదం నాకు సమ్మతం కాదు. అయినా ఆమెను చరిత్రలోంచి తప్పించడం అన్యాయం. వితంతు వివాహాలు జరిపించిన వీరేశలింగమంతటి వారిని ఎదిరించి, సొంత పత్రికలో, సొంత పేరుతో వాదించింది. మనకు నచ్చే మాట అన్నవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటే అది చరిత్ర కాదు, భజన.

1928లో మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి 'గృహలక్ష్మి' పెట్టారు. పేరు ఇంటిదే అయినా లోపల వీధి గోల వినిపించేది. కనుపర్తి వరలక్ష్మమ్మ శారద పేరుతో కల్పలత అనే స్నేహితురాలికి ఉత్తరాలు రాస్తున్నట్టు 'శారద లేఖలు' నడిపింది. బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం నుంచి ఖద్దరు దాకా అన్నీ అందులో చర్చకు వచ్చాయి. ఉపన్యాసమైతే ఇంటి మగవాళ్ళు అభ్యంతరం చెప్పేవారేమో, నేస్తం రాసిన ఉత్తరాన్ని ఎవరు కాదంటారు? పరదా చాటున ఉన్న పాఠకురాలికి ఇంతకన్నా అనువైన ప్రక్రియ ఆ రోజుల్లో లేదు.

ఆ ఉత్తరానికి తిరుగుటపా 1950లలో మొదలైంది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ప్రశ్న జవాబుల శీర్షిక 'ప్రమదావనం' దశాబ్దాల తరబడి సాగింది. వంటా కుట్టూ అడిగినవాళ్ళు, నెమ్మదిగా అత్తింటి బాధలూ మనసులోని భయాలూ అడగసాగారు. ఇంట్లో ఎవరితోనూ అనలేని మాట ఇన్‌లాండ్ కవరులో మద్రాసు చేరేది. వెనువెంటనే సీరియల్ నవలల వెల్లువ వచ్చి, రచయిత్రుల పేర్ల మీదే వారపత్రికలు అమ్ముడుపోయాయి. ఆ నవలలన్నీ కలల బేహారమని తీసిపారేయడం సులువు. ఉద్యోగం చేసే అమ్మాయిని కథానాయికగా నిలబెట్టిన యద్దనపూడి 'సెక్రటరీ'ని చదివి, తానూ ఉద్యోగానికి వెళ్ళవచ్చని అనుకున్న పాఠకురాలిని మరిచిపోకూడదు.

అయితే కష్టం ఒక్కరిదే అనుకున్నంత కాలం జవాబు సర్దుకుపొమ్మనే. 1970ల చివర హైదరాబాదులో ఏర్పడిన స్త్రీ శక్తి సంఘటన, విడివిడి బాధలను ఒక్కచోట పెట్టి చూసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను టేపు మీద రికార్డు చేసి 'మనకు తెలియని మన చరిత్ర'గా 1986లో తెచ్చారు. ఇక్కడ అడిగేదీ చెప్పేదీ ఇద్దరూ స్త్రీలే. 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' కవితా సంకలనం, అదే ఏడాది 'భూమిక' పత్రిక వచ్చాయి. కొండవీటి సత్యవతి నడిపిన భూమిక, 2006లో హెల్ప్‌లైన్ తెరిచింది. వారం ఆగి జవాబు అందుకునే ప్రశ్నకు, ఆ నిమిషానే అవతల నుంచి గొంతు పలకడం మొదలైంది.

ఈ ధారకు పక్కనుంచి గట్టి నిలదీత వచ్చింది. స్త్రీలంటే ఏ స్త్రీలు, ఏ కులం, ఏ వాడ? 'నల్లపొద్దు', 'నల్లరేగటిసాల్లు' అనే దళిత స్త్రీల రచనల సంకలనాలతో గోగు శ్యామల, జూపాక సుభద్ర ఈ ప్రశ్నను తప్పించుకోలేనిదిగా చేశారు. అది న్యాయమైన కోపం.

పత్రికలు చేరని చోట మరో కథ నడిచింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత ఉద్యమపు వాచకంలో చదివిన పాఠం, సారా దుకాణం మీద తిరుగుబాటుకు ఊతమైంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆసరాతో దళిత స్త్రీలు కెమెరా పట్టారు. చదువురాని ఆ స్త్రీలు కెమెరాను ఎదురెదురుగా, సమాన ఎత్తులో పెట్టి తీసేదాన్ని, తమ సంఘంలో అందరూ సమానమే కనుక, 'సంఘం షాట్' అని పిలుచుకున్నారు. కెమెరా కోణంలోనే ఎక్కువ తక్కువలు ఉంటాయని ఇంత సూటిగా చెప్పిన సినిమా పాఠం నాకు మరెక్కడా దొరకలేదు. 2008 అక్టోబరు 15న అక్కడే 'సంఘం రేడియో' ప్రారంభమైంది. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. గాలి తరంగాలు ప్రజల సొత్తని 1995లో తీర్పు ఇచ్చిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఆయనే ఉన్నారు. చిరుధాన్యాలు, విత్తనాలు, పాటలు, అక్కడి యాసలోనే వినిపించాయి.

2011లో రాజమండ్రి నుంచి పుట్ల హేమలత 'విహంగ' అంతర్జాల పత్రిక మొదలుపెట్టింది. 'సతీహితబోధిని' పుట్టిన ఊళ్ళోనే, ఈసారి స్త్రీ సంపాదకురాలిగా. వెబ్‌లో అచ్చు ఖర్చు లేదు, పోస్టు ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇన్ని దారులు తెరుచుకున్నా, ప్రధాన తెలుగు దినపత్రికల సంపాదకుల కుర్చీలో స్త్రీ కనిపించడం నేటికీ అరుదే. లోపలి పుటల్లో ఆడవాళ్ళకు ప్రత్యేక పేజీ ఉంది. మొదటి పేజీలో ఏ వార్త ఉండాలో తేల్చే బల్ల దగ్గర ఇంకా వాళ్ళు కొద్దిమందే.