పాత అంబాసిడర్ ఇంజిన్ మొరాయిస్తోందా? విడిభాగాలు కొనే ముందు చూసుకోవాల్సినవి

కోల్‌కతా శివార్లలోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 2014 మే 24న అంబాసిడర్ తయారీని ఆపేసింది. ఫ్యాక్టరీ మూతపడినా ఆ పక్కనున్న రైల్వే స్టేషన్‌ను ఇప్పటికీ హింద్‌మోటార్ అనే పిలుస్తున్నారు. కార్లు కూడా చాలానే మిగిలాయి. దక్షిణ కోల్‌కతా పాత ఇళ్ల గ్యారేజీల్లోనే కాదు, రాజమండ్రి, వరంగల్ లాంటి ఊళ్లలో రేకుల షెడ్ల కింద కూడా తాతగారి పేరు మీద ఆర్‌సీ ఉన్న అంబాసిడర్లు దుమ్ము కొట్టుకుని కనిపిస్తాయి.

వాటిని మళ్లీ నడిపించాలని మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోతారు. ఇంజిన్ స్టార్ట్ కాదు. కొత్త ప్లగ్గులు వేస్తారు, కాయిల్ మారుస్తారు, ఇంకో కార్బురేటర్ తెస్తారు. చివరికి ఇంజిన్ మొత్తం దించి విప్పేస్తారు. ఆర్నెల్ల తర్వాత భాగాలన్నీ సంచుల్లో ఉంటాయి, అసలు జబ్బేమిటో ఎవరికీ తెలియదు. కారణం తెలియకముందే భాగాలు మార్చడం ఈ పనిలో అన్నిటికంటే ఖరీదైన అలవాటు.

దీనికి మరో గడువు కూడా ఉంది. చివరి అంబాసిడర్లకు 2029లో 15 ఏళ్లు నిండుతాయి. ఆ తర్వాత దేశంలో 15 ఏళ్లలోపు అంబాసిడర్ అంటూ ఏదీ ఉండదు. ఆ వయసు దాటాక ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ పరీక్షతో పునరుద్ధరించుకోవాలి. షెడ్డులో కదలకుండా ఉన్న కారుకు అది సాధ్యం కాదు.

మీది ఏ ఇంజిన్?

అంబాసిడర్ బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టింది. చాలాకాలం దానికి గుండెకాయగా ఉన్నది బీఎంసీ బి-సిరీస్ 1,489 సీసీ పెట్రోల్ ఇంజిన్. తర్వాత డీజిల్ రకం, 1990ల ఆరంభంలో ఇసుజు 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ వచ్చాయి. ఈ వ్యాసం 1,489 సీసీ పెట్రోల్ ఇంజిన్ గురించే. ఇంట్లో మామూలు పనిముట్లతో పరీక్షించుకోవడానికి ఇంత అనువైన ఇంజిన్ మరొకటి దొరకడం కష్టం. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. బానెట్ ఎత్తితే కావాల్సినవన్నీ చేతికి అందుతాయి.

అదే ఇంజిన్‌కు ఒక పాత లోపం ఉంది. సీసం కలిపిన పెట్రోల్ వాడే కాలంలో దాన్ని రూపొందించారు. ఎగ్జాస్ట్ వాల్వ్ కూర్చునే సీటు అరిగిపోకుండా ఆ సీసం కాపాడేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం పెట్రోల్ అమ్మకాలు ఆగిపోయాయి. మీ కారు హెడ్‌లో గట్టి సీట్లు వేయించకపోతే వాల్వ్ నెమ్మదిగా హెడ్‌లోకి దిగుతూ ఉంటుంది. దీన్ని పట్టుకోవడం ఎలాగో ట్యాపెట్ల దగ్గర చూద్దాం.

తాళం తిప్పకముందు

ఏళ్ల తరబడి నిలిచిన కారుకు బ్యాటరీ కలిపి వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ముందు ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టే. కోల్‌కతాలో వర్షాకాలంలో వీధులు మునుగుతాయి కాబట్టి ఇది అరుదైన విషయం కాదు. అలాంటప్పుడు ఆయిల్ మార్చకుండా, ప్లగ్గులు తీయకుండా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది.

నాలుగు ప్లగ్గులూ తీసి ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల పలుచని ఆయిల్ పోసి ఒకట్రెండు రోజులు ఆగండి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి ముందు నుంచి హ్యాండిల్ వేసి చేత్తో తిప్పండి. సినిమాల్లో, పెళ్లి ఊరేగింపుల్లో మనవాళ్లు చూసిన ఆ హ్యాండిలే. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి, హ్యాండిల్‌ను చుట్టి పట్టుకోకూడదు. ఇంజిన్ వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది. అస్సలు కదలకపోతే ఇంజిన్ పట్టేసిందన్నమాట. అప్పుడు పొడవాటి పైపు తగిలించి బలం చూపించవద్దు. మళ్లీ ఆయిల్ పోసి వారం ఆగినా నష్టం లేదు.

ఆ కాలపు బ్రిటిష్ డిజైన్లలో బ్యాటరీ పాజిటివ్ తీగను బాడీకి కలిపే పద్ధతి ఎక్కువ. మీ కారులో ఏది బాడీకి వెళ్తోందో చూడకుండా బ్యాటరీ కలపకండి. ఇంకో రెండు జాగ్రత్తలు కూడా ముందే తీసుకోవాలి. పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి. తలుపు మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఇరుకు గ్యారేజీలో అది ప్రాణం తీయడానికి ఎంతోసేపు పట్టదు.

మొదట కంప్రెషన్

చాలామంది స్పార్క్‌తో మొదలుపెడతారు. నా ఉద్దేశంలో కంప్రెషన్‌తో మొదలుపెట్టాలి. ఇది ఇంట్లో తేలే పనా, లేక హెడ్ దించి మెషిన్ షాపుకు పంపాల్సిన పనా అనేది ఇక్కడే తెలిసిపోతుంది కాబట్టి. కంప్రెషన్ గేజ్ పెద్ద ఖర్చు కాదు, మెకానిక్ దగ్గర అరువు కూడా దొరుకుతుంది. బ్యాటరీ నిండా చార్జ్ చేసి, ప్లగ్గులన్నీ తీసి, కాయిల్ తీగ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి ఒక్కో సిలిండర్‌కు నాలుగైదు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి.

అంకె ఎంత వచ్చిందన్నదాని కంటే నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. నాలుగూ దగ్గరదగ్గరగా ఉంటే, కాస్త తక్కువగా ఉన్నా ఆ ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. ఒకటి బాగా తగ్గితే ఆ రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. రీడింగ్ పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ పడిపోతే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఏళ్లుగా నిలిచిన ఇంజిన్‌లో వాల్వ్ తుప్పుతో బిగుసుకుని తెరుచుకునే ఉండిపోవడమూ మామూలే. హెడ్ పైకవర్ తీసి హ్యాండిల్‌తో తిప్పుతూ ఎనిమిది వాల్వ్‌లూ కదులుతున్నాయో లేదో చూస్తే అది కంటికే కనిపిస్తుంది.

స్పార్క్: చిన్న కండెన్సర్ పెట్టే పెద్ద తిప్పలు

కంప్రెషన్ బాగుంటే డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. కోల్‌కతా తేమకు మూత లోపల చెమట పడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తేనే స్టార్ట్ అయ్యే కార్లు బోలెడు. మూతలో సన్నని నల్ల గీత ఉంటే అది పగులు. కరెంటు ఆ దారిన జారిపోతుంది. అలాంటి మూతను మార్చాల్సిందే.

లోపల పాయింట్లు ఉంటాయి. లూకాస్ తరహా డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య సందు 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. ఫీలర్ గేజ్ పెట్టి చూడండి. ప్లగ్ గ్యాప్ దాదాపు 0.65 మి.మీ. పాయింట్లు కొద్దిరోజులకే నల్లగా కాలిపోతున్నా, స్పార్క్ నీలంగా కాక పసుపుగా, బలహీనంగా ఉన్నా కండెన్సర్ పోయినట్టే. ఇప్పుడు బజారులో దొరికే కొత్త కండెన్సర్లలో నాసిరకం ఎక్కువ. పాతది పనిచేస్తుంటే కొత్తది వేసినా దాన్ని పారేయకండి.

ప్లగ్ తీగలు కలిపేటప్పుడు పేలే వరుస 1-3-4-2 అని గుర్తుంచుకోండి. రెండు తీగలు తారుమారైతే ఇంజిన్ కార్బురేటర్ నుంచి తుమ్ముతుంది. చాలామంది దాన్ని కార్బురేటర్ జబ్బనుకుని అటు పరిగెడతారు. ఇంకో మాట: ఇంజిన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేయకండి. పాయింట్లు మూసుకున్న స్థితిలో ఆగితే కాయిల్ కాలిపోతుంది.

వేడెక్కాక ఆగిపోతే

చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అయి, అరగంట నడిచాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ నడవడం అంబాసిడర్ల మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు. పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసి దీన్ని దాటవేసే చిట్కా దేశమంతా తెలిసిందే. పంపు ఇంజిన్‌ను ఆనుకుని ఉంటుంది కాబట్టి ఎండాకాలం ట్రాఫిక్‌లో లోపలి పెట్రోల్ ఆవిరైపోతుంది. పంపు ఆవిరిని తోయలేదు. ఇదే వేపర్ లాక్.

అయితే వేడెక్కిన కాయిల్, కండెన్సర్ కూడా అచ్చం ఇలాగే ఆపేస్తాయి. ఏది కారణమో తేల్చడానికి కారు ఆగిన ఆ ఐదు నిమిషాలే అవకాశం. చల్లారాక ఏ పరీక్షా పనికిరాదు. ఆగిన వెంటనే ఒక ప్లగ్ తీసి, తీగ తగిలించి, లోహానికి ఆనించి ఒకరితో సెల్ఫ్ కొట్టించండి. ప్లగ్ తీసిన రంధ్రం నుంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది, కాబట్టి స్పార్క్ చూసే ప్లగ్‌ను దానికి దూరంగా పెట్టాలి. స్పార్క్ బలంగా ఉంటే ఎలక్ట్రికల్ వైపు తప్పు లేదు. అప్పుడు కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ ఉందో లేదో చూడండి. ఖాళీగా ఉంటే పంపు, పైపులు, ట్యాంకు ఈ మూడిట్లో ఒకటి. ట్యాంకు మూత వదులు చేయగానే గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చి కారు నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. పెట్రోల్ పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా మళ్లించడం, మధ్యలో చిన్న రేకు అడ్డుపెట్టడం తడిగుడ్డ కంటే మేలైన వైద్యం.

ట్యాంకు విషయంలో మొహమాటం వద్దు. ఏళ్లుగా నిలిచిన ట్యాంకును దించి, కడిగి, తుప్పు వదిలించాకే కార్బురేటర్ శుభ్రం చేయాలి. ఈ వరుస తప్పితే కడిగిన కార్బురేటర్‌లోకి మళ్లీ తుప్పు వస్తుంది.

ఈ20 పెట్రోల్‌తో వచ్చిన కొత్త చిక్కు

2025 నాటికి దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి చేరింది. కొన్ని పాత వాహనాల్లో రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే చెప్పింది. పాయింట్లు, కార్బురేటర్ కాలపు కారుకు ఇది రెండు విధాలుగా తగులుతుంది. ఒకటి, పంపు డయాఫ్రం, గొట్టాలు, పాత రబ్బరు సీళ్లు ఉబ్బి మెత్తబడతాయి. వాటిని ఇథనాల్‌కు తట్టుకునే రబ్బరుతో మార్చుకోవాలి. లీకైన పెట్రోల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడితే కారే మిగలదు కాబట్టి ఇది వాయిదా వేసే పని కాదు. రెండు, పెట్రోల్ పూర్తిగా మండడానికి ఒక వంతుకు 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. అంటే మిశ్రమ ఇంధనానికి గాలి తక్కువ, ఇంధనం ఎక్కువ అవసరం. కొత్త కార్లలో కంప్యూటర్ దాన్ని సర్దుతుంది. పాత కార్బురేటర్ సర్దలేదు. ఇంజిన్ కాస్త పలచని మిశ్రమంతో, ఎక్కువ వేడితో నడుస్తుంది, పికప్ తగ్గుతుంది. ఎస్‌యూ రకం కార్బురేటర్‌లో జెట్ నట్ తిప్పి సరిచేయొచ్చు. సోలెక్స్ రకంలో మిశ్రమం స్క్రూ ఐడిలింగ్‌కే పరిమితం, నడకలో తేడా పోవాలంటే మెయిన్ జెట్ మార్చాలి.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. తేమ నగరంలో నెలల తరబడి కారు నిలిపితే నీళ్లు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి. పెట్రోల్ తీసుకునే పైపు ఉండేదీ అక్కడే. ఎప్పుడో ఒకసారి తీసే కారులో తక్కువ పెట్రోల్ పోసి, దాన్ని త్వరగా వాడేయడం మంచిది.

నడుస్తోంది కానీ తేడాగా ఉంది

ట్యాపెట్లు సరిచేయడానికి తొమ్మిది లెక్క గుర్తుంటే చాలు. 8వ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది, 6వది తెరుచుకున్నప్పుడు 3వది, ఇలా రెండూ కలిపితే తొమ్మిది రావాలి. సందు ఎంతన్నది మీ మోడల్ మాన్యువల్ ప్రకారం పెట్టుకోండి. ఇక్కడే ఆ పాత లోపం బయటపడుతుంది. మామూలుగా అరుగుదలతో ట్యాపెట్ సందు పెరగాలి. మీరు పెట్టిన సందు కొన్ని వందల కిలోమీటర్లకే తగ్గుతుంటే, అదీ ఎగ్జాస్ట్ వాల్వ్‌ల దగ్గర, సీటు అరిగి వాల్వ్ లోపలికి దిగుతోందని అర్థం. ప్రతిసారీ సందు సరిచేస్తూ పోతే కొంతకాలం గడుస్తుంది. చివరికి హెడ్ దించి గట్టి సీట్లు వేయించాల్సిందే.

ఐడిలింగ్ నిలవకపోతే ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ చూడండి. ఈ హెడ్‌లో నాలుగు సిలిండర్లకు రెండే గాలి ద్వారాలు, ఒక్కోదాన్ని రెండు సిలిండర్లు పంచుకుంటాయి. అందుకే అక్కడ గాలి లాగితే సాధారణంగా రెండు సిలిండర్లు కలిసే మిస్ అవుతాయి. పొగ రంగు కూడా చాలా చెబుతుంది. నల్ల పొగ అంటే పెట్రోల్ ఎక్కువైంది. లాగుతున్నప్పుడు నీలి పొగ వస్తే రింగులు, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు వస్తే వాల్వ్ గైడ్లు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే, చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి చూడండి. ఆగకుండా బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే.

మల్లిక్ బజార్‌కు వెళ్లేటప్పుడు

పార్క్ స్ట్రీట్, ఏజేసీ బోస్ రోడ్ కలిసే చోట ఉన్న మల్లిక్ బజార్, మన విజయవాడ ఆటోనగర్ లాగా, పాత బండ్ల భాగాలకు పేరున్న చోటు. వాణిజ్య వాహనాలకు కోల్‌కతాలో 15 ఏళ్ల పరిమితి ఉంది. 2008లో కలకత్తా హైకోర్టు ఇచ్చిన ఆదేశం అది. పసుపు ట్యాక్సీలు ఒక్కొక్కటిగా విడిపోతున్నది దాని వల్లే. అక్కడికి అరిగిన భాగాన్ని చేతిలో పట్టుకుని వెళ్లండి. పేరు చెప్పి అడిగితే వేరే మోడల్‌ది అంటగట్టే అవకాశం ఉంది.

పూర్తి ఇంజిన్ కొనాలనుకుంటే మాత్రం ఆగి ఆలోచించాలి. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మార్పును రిజిస్ట్రేషన్ అధికారి దగ్గర నమోదు చేయించాలి. బిల్లు, పాత బండి కాగితాలు లేని ఇంజిన్ ఎంత చవకైనా ఫిట్‌నెస్ పరీక్ష రోజున మెడకు చుట్టుకుంటుంది.

ఖర్చు లెక్కలోకి ప్రభుత్వ రుసుములూ వస్తాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు రూ.5,000, 2025 ఆగస్టులో వచ్చిన సవరణతో 20 ఏళ్లు దాటితే రూ.10,000. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కారుకు 2021 నిబంధనల కింద రూ.20,000 చెల్లించి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. అది పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అక్షరాలు ఉంటాయి. కానీ అలాంటి కారును ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోల్, మరమ్మతు లాంటి అవసరాలకే రోడ్డెక్కించాలి. రోజూ ఆఫీసుకు నడపాలనుకునేవాళ్లకు ఈ దారి పనికిరాదు.

కాలుష్య పరీక్షలో భారత్ స్టేజ్-2కు ముందు తయారైన పెట్రోల్ కార్లకు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం దాటకూడదు. పాయింట్లు, ట్యాపెట్లు, మిశ్రమం ఈ వరుసలో సరిచేసుకుని, ఇంజిన్ బాగా వేడెక్కేలా పది కిలోమీటర్లు నడిపి, ఆపకుండా నేరుగా పరీక్ష కేంద్రానికి తీసుకెళ్లండి. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ వస్తే మిశ్రమం స్క్రూ దగ్గరకు, అది బాగుండి హైడ్రోకార్బన్లు ఎక్కువ వస్తే మళ్లీ ప్లగ్గులు, పాయింట్ల దగ్గరకు వెళ్లాలి.