మెట్ట దారిలో ద్రాక్షాసవం

కృష్ణకు ఉత్తరాన, మునేటికి ఇరువైపులా పరచుకున్న నందిగామ, జగ్గయ్యపేట మెట్టసీమలో, చెవిటికల్లు వంటి పల్లెల్లో, తరతరాలుగా తెలిసిన పానీయాలు తాటికల్లు, ఈతకల్లు. ద్రాక్షాసవం, అంటే ద్రాక్షరసాన్ని పులియబెట్టి తీసిన పానీయం, ఈ సీమకు బాటసారుల వెంట వచ్చి ఉండాలి.

జగ్గయ్యపేట స్తూపం వద్ద దొరికిన శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరానిది. ఆ వంశపు రాజధాని విజయపురిలో, అంటే నేటి నాగార్జునకొండలో, ఒక స్తంభంపై గడ్డంతో, అర్ధనగ్నంగా, చేత కొమ్ముపాత్ర పట్టుకుని, పక్కన పీపాతో ఉన్న పురుషుని శిల్పం కనిపించగా, పండితులు అతనిలో గ్రీకుల మద్యదేవత డయోనిసస్ పోలికలు గుర్తించారు. రోమన్ బంగారు నాణేలు కూడా దొరికిన ఆ కొండలోయలో ఈ రూపం ఉండటం సముద్ర వాణిజ్యం ఎంత లోపలికి చేరిందో చూపుతుంది.

17వ శతాబ్దంలో మచిలీపట్నం నుంచి గోల్కొండకు సాగిన బాట, నేటి 65వ జాతీయ రహదారి వలెనే, ఈ మెట్టమీదుగా పోయేది. మచిలీపట్నపు ఓడలు పారశీక రేవు బందర్ అబ్బాస్‌కు క్రమంగా వెళ్లివచ్చేవి. షిరాజ్ నగరపు ద్రాక్షాసవం భారత తీరానికి ఎగుమతయ్యేది ఆ రేవునుంచే. ఆ పేరు నేడు ఎర్ర వైన్‌కు వాడే షిరాజ్ ద్రాక్షకూ ఉన్నా, ఆ రకం ఆగ్నేయ ఫ్రాన్సులో పుట్టిందని జన్యుపరీక్షలు తేల్చాయి.

1666-67లో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో రాసిపెట్టిన వివరం వీటన్నిటికన్నా విలువైనది: అక్కడ ద్రాక్షతీగలు విస్తారంగా ఉన్నాయనీ, ఎండ తగిలే తీరునుబట్టి జనవరి మొదలు ఏప్రిల్ వరకు పండ్లు కోస్తారనీ, వాటితో తెల్ల వైన్ చేస్తారనీ, కోత కాగానే తీగలు కత్తిరిస్తే జూన్ ప్రాంతానికి పుల్లని కాయలు వస్తాయనీ ఆయన చెప్పాడు.

తెల్ల వైన్‌కు తొక్కలు తీసేసిన రసాన్నే పులియబెడతారు; ఎర్ర వైన్‌కు నల్లద్రాక్ష తొక్కలను రసంలోనే రోజుల తరబడి నాననిస్తారు, ఎందుకంటే రంగూ వగరూ తొక్కలోనే ఉంటాయి. చక్కెర మొత్తం పులిసి తీపి మిగలనప్పుడు ఆ వగరుకు, కొన్ని ఎర్ర వైన్లలో మిరియాన్ని తలపించే ఘాటుకు, పండులోని పులుపు దన్నుగా నిలవాలి. రాత్రులు కూడా వేడిగా ఉంటే పండులోని మాలిక్ ఆమ్లం తరిగిపోయి రుచి చప్పబడుతుంది. దక్కనులో ఇటువంటి వైన్ తోటలు నాసిక్ వంటి ఎత్తైన, శీతాకాలపు రాత్రులు చల్లబడే చోట్ల స్థిరపడటానికి ఇది ఒక ముఖ్య కారణం.

చలిదేశాల్లో ఆకురాల్చి నిద్రపోయే తీగ ఇక్కడ ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది గనుక, దాన్ని కత్తెరతోనే అదుపు చేయాలి. తెవెనో చూసిన రైతులకు ఈ కిటుకు తెలుసు. ఇటీవలి కాలపు హైదరాబాదు పరిసర తోటల్లో కూడా పందిళ్లపై పాకించిన తీగలను ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో మరొకసారి కత్తిరించి, మళ్లీ ఎండలు ముదిరేలోపు పండు కోసేవారు; తెవెనో నాటి రైతుకు పులుపు కాయలనిచ్చిన ఆ వేసవి గెలలను మాత్రం, తీగ బలం వచ్చే పంటకు దక్కాలని, లేతగా ఉండగానే తుంచివేసేవారు.