రేకుల కంచె, రాత్రి రెండు గంటలు

1970 ఆగస్టు 29, శనివారం. ఇంగ్లండు దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవిలో, ఆఫ్టన్ డౌన్ అనే గడ్డి గుట్ట కింద పొలంలో జనం పగటినుంచీ కదలకుండా కూర్చున్నారు. 'ద హూ' రాక్ బృందం కోసం వచ్చినవాళ్ళ ఓపికకు ఆ రోజు పెద్ద పరీక్షే. గాయని జోనీ మిచెల్ పాడుతుండగా ఒకడు వేదికెక్కి మైకులో ఏదో చెప్పబోయాడు. అతన్ని లాక్కెళ్ళడంతో జనం గోల పెట్టారు. ఆమె ఏడుపు గొంతుతో బతిమాలి, మళ్ళీ పాట అందుకుంది. తర్వాత మైల్స్ డేవిస్ ట్రంపెట్, వేదిక మీద ఫిరంగులు పేల్చిన ఎమర్సన్ లేక్ అండ్ పామర్, ఆ పైన డోర్స్. మయామీలో కేసు నడుస్తుండగా విమానమెక్కి వచ్చిన డోర్స్ గాయకుడు జిమ్ మారిసన్, సినిమా తీసేవాళ్ళ లైట్లు వద్దన్నాడు. ఎర్రటి మసకలో, ఉన్నచోటే నిలబడి పాడాడు.

హూ వంతు వచ్చేసరికి రాత్రి రెండు.

ఈ పాటల పండుగను నడిపింది ఫౌక్ అన్నదమ్ములు. 1968లో చిన్నగా మొదలుపెట్టి, మరుసటి ఏడు బాబ్ డిలాన్‌నే రప్పించారు. దాంతో స్థానికులు బెదిరిపోయారు. 1970లో ఎక్కడ జరపాలన్నదాని మీద పెద్ద పేచీ నడిచి, చివరికి ఫ్రెష్‌వాటర్ దగ్గరి ఈ పొలం ఖాయమైంది. ఒకప్పుడు టెన్నిసన్ కవి కాపురమున్న ఊరది. అయితే పక్కనే ఉన్న గుట్టెక్కితే వేదిక మొత్తం కనిపిస్తుంది! టిక్కెట్టు 3 పౌండ్లు. పొలం చుట్టూ రేకులతో కంచె కట్టి, కాపలాకు కుక్కల్ని పెట్టారు. గుట్ట మీద మాత్రం డేరాలు వెలిశాయి, టిక్కెట్టు లేనివాళ్ళంతా అక్కడే మకాం. కంచె బయట హాక్‌విండ్ బృందం ఉచితంగా వాయించింది. మొత్తం ఆరు లక్షల మంది వచ్చారని ఒక లెక్క. అందులో సగం కూడా ఉండరనేవాళ్ళూ ఉన్నారు.

ఈ పండుగ గురించి రాసినవాళ్ళలో చాలామంది కంచె గొడవ దగ్గరే ఆగిపోతారు. అది నాకెప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది. ఎందుకంటే అసలు సంగతి కంచె లోపల, ఆ అర్ధరాత్రి జరిగింది.

హూ గాయకుడు రోజర్ డాల్ట్రీ కుచ్చుల జాకెట్టులో, పీట్ టౌన్‌సెండ్ మెకానిక్కు తొడుక్కునేలాంటి తెల్ల ఓవరాల్‌లో వచ్చారు. బాస్ గిటారు వాయించే జాన్ ఎంట్‌విసిల్ వేసుకున్న నల్ల దుస్తుల మీద అస్థిపంజరం బొమ్మ! టౌన్‌సెండ్ చెయ్యి గిరగిరా తిప్పి గిటారు తీగల మీద కొడుతుంటే, ఎంట్‌విసిల్ మాత్రం చేతివేళ్ళు తప్ప మరేదీ కదపడు. వెనక కీత్ మూన్ డ్రమ్స్. అందరిలా తాళం పట్టి ఊరుకునే రకం కాదతను. పాటకు ఎదురు పాట పాడుతున్నట్టు వాయిస్తాడు.

అప్పటికి వాళ్ళు మంచి ఊపు మీదున్నారు. లీడ్స్ యూనివర్సిటీలో రికార్డు చేసిన కచేరీ ఆల్బమ్ ఆ మే నెలలోనే బయటికొచ్చింది. ఏడాది కిందటి 'టామీ' చేతిలో ఉండనే ఉంది. చూపూ మాటా వినికిడీ లేని కుర్రాడు పిన్‌బాల్ ఆటలో మొనగాడైన కథ అది. దాన్ని దాదాపు మొత్తం వాయించారు. కథ చివరికొచ్చేసరికి పెద్ద లైట్లు జనం వైపు తిప్పారు. అప్పటిదాకా చీకట్లో ఉన్న ముఖాలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. వారమంతా పొలానికి అడ్డంగా వీచిన గాలి శబ్దాన్ని పక్కకు ఈడ్చుకుపోతుంటే, పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ స్పీకర్లు కూడా తెచ్చి కలిపారు. ఆ మోతలో టిక్కెట్టు కొన్నవాడికీ కొననివాడికీ తేడా ఏముంటుంది? రెండు గంటలు దాటి సాగిందా కచేరీ. ఆ తర్వాత గాయని మెలనీ వచ్చేసరికి తెల్లవారుతోంది.

ఆదివారం నిర్వాహకులు చేతులెత్తేసి ప్రవేశం ఉచితమన్నారు. ఆ రాత్రి జిమి హెండ్రిక్స్ వాయించాడు. మూడు వారాలు తిరక్కుండానే లండన్‌లో చనిపోయాడు. ఫౌక్ సోదరులకు మిగిలింది నష్టం. 1971లో పార్లమెంటు ఈ దీవికోసమే ఒక చట్టం చేసింది: లైసెన్సు లేకుండా 5,000 మందికి మించి రాత్రిపూట ఆరుబయట గుమిగూడకూడదని. పండుగ మళ్ళీ మొదలైంది 2002లో. రెండేళ్ళకు, న్యూపోర్ట్ దగ్గర సీక్లోజ్ పార్కుకు హూ మళ్ళీ వచ్చింది. మూన్ 1978లో, ఎంట్‌విసిల్ 2002లో పోయారు. పాతవాళ్ళలో మిగిలింది డాల్ట్రీ, టౌన్‌సెండ్‌లే.

1970 రాత్రి కచేరీ టేపులు సీడీగా రావడానికి 1996 దాకా పట్టింది. వినబోయేవాళ్ళు టామీ కోసం తొందరపడి ముందు పాటల్ని దాటెయ్యొద్దు. ఎంట్‌విసిల్ రాసిన మొదటి పాట దగ్గర మొదలుపెట్టి, మూన్ డ్రమ్స్ ఎటు పోతున్నాయో వింటూ 'యంగ్ మ్యాన్ బ్లూస్' దాకా రండి. పక్కింటివాళ్ళు ఊళ్ళో లేనప్పుడైతే మరీ మంచిది.